కారును తిట్టడానికి రండి

వదినగారికి నమస్కారం.

మీరు కోప్పడతారని తెలిసే రాస్తున్నాను. మళ్లీ ఒక పాత కారు చూశాను. పాతికేళ్ల నాటిది, రంగు వెలిసిపోయింది. ఇంజను మాత్రం నిక్షేపంలా ఉంది.

ఇన్నాళ్లూ బేరం మీ చెల్లెలే చేసేది. కార్ల గురించి ఆమెకేమీ తెలియదు. చుట్టూ ఒకసారి తిరిగి, "ఈ డొక్కునా? ఎదురు డబ్బులిచ్చినా మాకొద్దు, పదండి" అని నన్ను గేటు దాకా లాక్కుపోయేది. అమ్మేవాడు వెనకాలే పరిగెత్తుకొచ్చేవాడు.

ఆమె పోయాక మొదటిసారి, నిన్న ఒక్కడినే వెళ్లాను. ఆమె అన్నట్టే అన్నాను. బ్రోకరు నవ్వాడు. "ఊరుకోండి సార్, ఇందాకట్నుంచి దాన్ని నిమురుతూనే ఉన్నారు. పైసా తగ్గదు" అన్నాడు. గేటు దాకా నడిచాను. ఎవరూ వెనక్కి పిలవలేదు.

ఆదివారం మీరు రాగలరా? కారు మీకు నచ్చినా సరే, తిట్టాలి. ఫోనులో మీ గొంతు విని ఆమే అనుకుని చాలాసార్లు పొరబడ్డాను. అందుకే ఇంకెవరినీ అడగడం లేదు.

బేరం కుదరకపోయినా ఫరవాలేదు. నేను బానెట్ ఎత్తి దాని వెనక నిలబడతాను. నాకు వినపడేలా కాస్త గట్టిగా తిట్టండి.

మీ మరిది