తొమ్మిదో పిల్ల

నాంపల్లి,
గురువారం, 1967

వదినా,

గుడ్లు పొదుగుతున్న మీ నల్లకోడిని కుక్క పట్టుకుపోయాక, బల్బు వేడితో పొదిగిస్తానంటే దాని గుడ్లు తొమ్మిదీ నాకిచ్చి, "గీ బల్బు డబ్బాల ఏమైతయో!" అని కళ్లు తుడుచుకున్నారు కదా. సోమవారం ఎనిమిది పిల్లలు వాటంతట అవే బయటికొచ్చాయి. తొమ్మిదోది పెంకుకు చిన్న కన్నం పెట్టి ఆగిపోయింది. తప్పు నాదే. నమ్మకం చాలక మాటిమాటికీ మూత తీసి చూశాను. ఆ గాలికి లోపలి పొర ఎండి పిల్లకు అతుక్కుపోయింది.

"ముట్టకు బిడ్డా, సచ్చిపోతది" అన్నారు మా అత్తమ్మ. ఆబిడ్స్‌లో కొన్న కోళ్ల పెంపకం పుస్తకంలోనూ అదే ఉంది. మధ్యాహ్నానికి దాని అరుపు సన్నబడింది. ఇక ఉండబట్టలేక, గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో పొరను తడుపుతూ పెంకు కొంచెం కొంచెంగా వలిచాను. నెత్తురు చుక్క కనబడగానే ఆపేశాను. చంపుతున్నానో, బతికిస్తున్నానో తెలియలేదు. గంట ఆగి మళ్లీ మొదలుపెట్టాను. చివరికి తడిముద్దలా నా అరచేతిలోకి జారింది.

"అగో, లేస్తుంది సూడు!" అని ముందు అరిచింది అత్తమ్మే.

ఆదివారం గంప తెచ్చుకోండి. తొమ్మిదోది ఏదని నన్ను అడగక్కర్లేదు. మిగతా ఎనిమిదింటినీ తోసేసి నూకల గిన్నెలోకి ఎక్కి నిలబడేది అదే.

మీ ఆడబిడ్డ