కింది అర మిగిలింది

శనివారం, సాయంత్రం

చిరంజీవి చిన్నోడికి,

మీ బావ ఆశీస్సులు. నేను బాగానే ఉన్నాను. వండుకుంటున్నాను, తింటున్నాను. అక్కడ అందరూ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఆ రోజు ఏం జరిగిందని అడిగావు. రాస్తున్నాను.

పొద్దున మీ అక్క మామూలుగానే కాలేజీకి వెళ్లింది. కెమిస్ట్రీ స్టోరు తలుపు తీస్తే, పచ్చరంగు ఇనుప ర్యాక్ పై అరలో లేబుల్ ఊడిన సీసా ఒకటి పగిలి ఉందట. అందులోది కింది అర దాకా కారింది. రంగు లేదు, జిగురుగా ఉంది. ఏమిటో ఎవరికీ తెలియదు. మరిచిపోయిన క్యారేజీ ఇవ్వడానికి నేను వెళ్లేసరికి అప్పుడే పని మొదలుపెడుతోంది. గడప దగ్గరే ఆగమంది. ఆగాను.

ప్రిన్సిపాల్ వచ్చి, ఏవో నీళ్లేనమ్మా, ఓ గుడ్డ వేసి తుడిచెయ్యమన్నాడు. నీళ్లే అయితే మీరే తుడవండి సార్, గుడ్డ నేనిస్తానంది. ఆయన నవ్వుతూనే రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆ రసాయనమే అక్కని చంపింది, సోమవారం వచ్చి కాలేజీ వాళ్ల సంగతి తేలుస్తానని రాశావు. నువ్వు గొడవకి దిగితే వాళ్లు ఏమంటారో తెలుసా? ఆవిడే జాగ్రత్త లేకుండా తుడిచిందంటారు. ఆ మాట కాగితం మీదకెక్కుతుంది. ఆమె పనికున్న పేరు పోతే నాకింకేం మిగలదు. అందుకే చూసింది చూసినట్టు చెబుతున్నాను.

కిటికీలు తెరిచి ఉన్నాయి. చేతులకి తొడుగులు, కళ్లకి అద్దాలు. వాసన చూడలేదు. మా చిన్నోడైతే ఈపాటికి నాలిక పెట్టి చూసేవాడంది. సీసాలు ఒక్కొక్కటే అడుగు తుడిచి బల్ల మీదకి చేర్చింది. రంగు మారే కాగితం ముంచి ఆమ్లమేమో చూసుకుంది. పొడి కాగితాలతో అద్దింది, రుద్దలేదు. ఆ తర్వాతే తడిగుడ్డ. ఆ గుడ్డని కూడా ముందుగా ర్యాక్ వెనక కాలి మీద, ఎవరికీ కనబడని చోట, రూపాయి బిళ్లంత మేర రుద్ది, రంగు లేస్తోందేమో చూసింది. అంచు నుంచి లోపలికి తుడిచింది. అర మడతలో దాక్కున్న జిగురు కూడా వదల్లేదు. వాడిన గుడ్డలు కవరులో కట్టి, పైన 'ఏమిటో తెలియదు' అని రాసింది. తనకి తెలియదని అంత పెద్ద అక్షరాలతో రాసే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

కింది అర మిగిలింది. ఆమె క్లాసుకి గంట కొట్టారు. తొందరలో తుడిస్తే తుడవనట్టేనని, ముట్టుకోవద్దని చీటీ అంటించి తాళం వేసింది.

సాయంత్రం ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని మంచినీళ్లడిగింది. తెచ్చేసరికి లేదు. డాక్టరు గుండె అన్నాడు. ఇంతకంటే రాయలేను.

మొన్న ఆమె సామాను తెచ్చుకోవడానికి స్టోరుకి వెళ్లాను. కళ్లజోడు పెట్టె చేజారితే వంగాను. అప్పుడు కనబడ్డాయి. ప్రతి ర్యాక్ వెనక కాలి మీదా రూపాయి బిళ్లంత మచ్చలు, మాసిన పచ్చ మధ్య మెరిసే పచ్చ. ఇన్నేళ్లవీ. ముందు వైపు చూస్తే ఒక్క గీత లేదు.

సీసా పగిలిన ఆ ర్యాక్‌ని పాత ఇనుము వాడికి వేసేస్తామంటున్నారు. ఆగమని చెప్పి తాళం చెవి అడిగి తెచ్చుకున్నాను.

ఉంటాను.

మీ బావ

తా.క.: కవరులోని గుడ్డలు పరీక్షకి పంపారు. నిన్న తెలిసింది. అది గ్లిజరిన్. చేతులు పగిలితే రాసుకునేది. ఇది మొదట్లోనే రాస్తే తక్కినది నువ్వు చదివేవాడివి కాదు, నీ సంగతి నాకు తెలియదా. అంటే ప్రిన్సిపాల్ అన్నది దాదాపు నిజమే. కాని ఆవేళ ఆ గదిలో ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు. ఆ హక్కు లేదని మీ అక్కకి ఒక్కదానికే తెలుసు.

ఆమె తొడుగులు నా చేతికి పట్టలేదు. నా కొలతవి కొనుక్కున్నాను. రేపు పొద్దున వెళ్లి కింది అర తుడుస్తాను. ముందుగా ర్యాక్ వెనక కాలి మీద, ఆమె మచ్చ పక్కన, రుద్ది చూస్తాను.