చెవిలో చెప్పని పేరు

హిందూపురం,
1957 జూన్ 20

నా తల్లి భానుమతికి,

మీ నాయన ఆశీర్వదించి రాస్తున్నది. మీ అమ్మ లేనందున పురుడు కూడా ధర్మవరంలో మీ అత్తవారింట్లోనే జరిగింది. కనీసం పాపను తొట్లో వేసేనాడైనా నేను రావలసింది. బట్టలు మాత్రం మన పక్కింటి గంగన్న చేతికిచ్చి పంపాను. "మూడోదీ ఆడబిడ్డే కదా, మీ నాయన ఎందుకొస్తాడులే" అని మీ అత్త అన్నదనీ, నువ్వు ఏడ్చి, తాత చెవిలో చెప్పనిదే పేరు పెట్టనివ్వనన్నావనీ గంగన్న వచ్చి చెప్పాడు.

అమ్మా, నాకు చక్కెర జబ్బు ఉంది. మూడేళ్లయింది, ఎవరికీ చెప్పలేదు. స్నానాలగది తూము దగ్గర చీమలు బారులు తీరితే, పంచెకంటిన బెల్లమనుకొని రోజూ పంచెను తిట్టుకుంటూ ఉతుక్కున్నాను. అది విని డాక్టరు నవ్వాడు, పరీక్ష చేశాక మాత్రం నవ్వలేదు. బెల్లం కొని అమ్మే మండీలో నేను నాలుక మీద వేసుకొని బాగుందంటేనే సరుకు బాగున్నట్టు. ఈ సంగతి తెలిస్తే ఇక నన్ను పిలిచేదెవరు? అందుకే రుచి చూసి పక్కకు తిరిగి ఉమ్మేస్తున్నాను. అన్నిసార్లూ ఉమ్మలేదులే, నీ దగ్గర అబద్ధమెందుకు.

మీ ఊళ్లో ఇంటింటా ఫ్లూ జ్వరమట, మగ్గాలు కూడా ఆగాయట. డాక్టరు గట్టిగా చెప్పాడు: "అందరికీ ఇది వారం జ్వరమప్పా. నీకట్ల కాదు. కాలి పుండే రెండు నెలలైనా మానకుండా ఉండాది. ఊపిరితిత్తులకు పట్టిందంటే నేను చేసేదేమీ ఉండదు. రైలెక్కొద్దు." భయపడ్డాను తల్లీ. మనవరాలిని చూడాలని ఉంది, చావాలని లేదు. మీ అత్త ముందు నీకు తలవంపు తెచ్చినందుకు సిగ్గుగా ఉంది.

మీ నాయన,
గోవిందరాజులు


పెనుకొండ రైలు స్టేషన్,
జూన్ 24

నాయనా,

నీ భానుమతి ఇక్కడ బెంచీ మీద కూర్చొని రాస్తున్నది. నీ ఉత్తరం మొన్ననే వచ్చింది, కోపంతో విప్పలేదు. దాన్ని నీ ముందు విసిరికొట్టి, పాపను నీ ఒళ్లో పడుకోబెట్టి, "ఇదేం తప్పు చేసింది?" అని అడగాలని ఈ పొద్దున ఇంట్లో చెప్పకుండా రైలెక్కాను. పాప ఒళ్లు కాస్త వెచ్చగా తగిలితే ఎండకనుకున్నాను. బండిలో పక్కనున్న దాసమ్మ అనే ఆమె పాప నుదురు తాకి చూసి, "బిడ్డకు జరమొచ్చినట్లుండాదే తల్లీ, యాడికి పోతాండావు?" అన్నది.

"మా నాయన దగ్గరికి" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఎందుకో మనసు మెత్తబడి, ఉత్తరం విప్పాను. చదవడం అయ్యేసరికి పెనుకొండ వచ్చింది. దిగిపోయాను.

ఇంకొక గంట అట్లే కూర్చొని ఉంటే ఆ జ్వరాన్ని నేనే మోసుకొచ్చి నీ ఒళ్లో పెట్టేదాన్ని. ఇక్కడి డాక్టరుకు పాపను చూపించాను. పాలు తాగుతోంది, భయం లేదన్నాడు. తిరుగు బండికి ధర్మవరం పోతాను. మా అత్తకు నేనే అంతా చెబుతాను.

నువ్వు రావద్దు. ఈ జ్వరాలు సద్దుమణిగేదాకా ఇల్లు కదలొద్దు. రుచి చూసే పని మండీలో ఇంకెవరికైనా అప్పగించు. ఆ రోజు పేరు పెట్టనివ్వనిది నీ మీద కోపంతోనే. ఇప్పుడు కోపం లేదు, అయినా పెట్టనివ్వను. నువ్వు బాగుండి, వచ్చి, దాని చెవిలో చెప్పాలి. ఎన్ని నెలలైనా సరే, అంతవరకూ అది ఉత్త పాపే.

నీ కూతురు,
భానుమతి