సూదీ చపాతీ ఒకే వారంలో

హిందూపురం,
14 మార్చి 2026, శనివారం.

ప్రియమైన నీలావతికి,

ప్రమీల రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. ధర్మవరంలో నువ్వు, మీ ఆయన, పిల్లలు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఈ క్షేమం మాట ఇన్నాళ్లూ ఎవరికి రాసినా అలవాటుకొద్దీ రాసేదాన్ని. ఈసారి తూచి రాస్తున్నాను. నిన్న సాయంత్రం బియ్యం బస్తాను వాకిట్లో నుంచి వంటింట్లోకి నేనే ఈడ్చుకొచ్చాను. మధ్యలో ఎక్కడా కూలబడలేదు.

నేను ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. మెసేజ్ పెడితే నీలం గీతలు పడవు. పోస్టులో వేస్తే నా చేతిరాత చూసి కవరు విప్పకుండా పక్కన పెడతావేమోనని చేతికే పంపిస్తున్నాను. తెచ్చిన పిల్లను గుర్తుపట్టావా? మా అమ్మాయి వైష్ణవే. నువ్వు చూసినప్పుడు నీ నడుం దాకా ఉండేది, ఇప్పుడు నాకంటే ఎత్తు. ముందు దానికి మంచినీళ్లివ్వు. ధర్మవరం దాకా ఒంటరిగా ఎలా వచ్చిందని కంగారుపడకు. ఆ సంగతి చివర చెబుతాను.

అసలు మాట ముందే రాసేస్తున్నాను. నా జబ్బుకు పేరు దొరికింది. అది నువ్వు వేసిన సూది వల్ల వచ్చింది కాదు. ఈ వాక్యం రాయడానికి ఐదేళ్లు పట్టింది కాబట్టి మళ్లీ రాస్తాను. నీ సూది వల్ల కాదు.

ఇక వరుసగా చెబుతాను. నువ్వు వెళ్లిపోయాక జరిగిందేదీ నీకు తెలియదు కదా.

ఆ కరోనా ఏడాది మా వీధి స్కూల్లో నువ్వు టీకాలు వేయడానికి వచ్చావు. జనం దూరంగా నిలబడి చూస్తుంటే, పెనుకొండ స్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్న చనువుతో నన్ను ముందుకు లాగి మొదటి సూది నాకే వేశావు. వేసేముందు షుగరుందా అని అడిగావు. తెలియదంటే, రక్తం చూపించుకోమని గట్టిగా చెప్పావు. మర్నాడే చూపించుకున్నాను. షుగరుంది. మన వైపు షుగరని తెలిస్తే ఇంట్లో మొదట ఏం చేస్తారో నీకు తెలుసు. సంగటి గిన్నె కింద పెట్టి చపాతీ పెనం పైకి తీస్తారు. ఆయన బెల్లం మండీ నుంచి వస్తూ ఆ సాయంత్రమే గోధుమపిండి తెచ్చారు. పొద్దున గోధుమరవ్వ ఉప్మా, రాత్రి చపాతీ. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రాగి ముద్ద తిన్న కడుపు నాది. మా అత్త రోజూ తన చేత్తో పిసికి, పలచగా ఒత్తి, నేను తినేదాకా ఎదురుగా కూర్చునేది.

సూదీ చపాతీ ఒకే వారంలో మా ఇంటికి వచ్చాయి. సూదిని వీధంతా చూసింది. చపాతీని ఎవరూ చూడలేదు.

రెండు నెలల్లో నేను ఎలా అయిపోయానో నువ్వు కళ్లారా చూశావు. కడుపు నిలవదు. నోటి నిండా పుళ్లు. దువ్వెన పెడితే జుట్టు దువ్వెనకే మిగిలేది. రక్తం లేదని ఐరన్ మాత్రలు ఇచ్చారు. మింగినా రక్తం పెరగలేదు. అప్పుడే మా అత్త బాలనాగమ్మ, మా పక్క సందులో అప్పట్లో మీరుండే ఇంటి ముందు నిలబడి అరిచింది. యాడిదో సూది తెచ్చి నా కోడలికి పొడిచి సంపేసినావు కదే, నీ చేయి ఈ వీధిలో ఇంగెవురి మీదా పడనియ్యను అని. నేను మంచం దిగలేని స్థితిలో ఉండి ఆ అరుపు వింటున్నాను. నువ్వు తిరిగి అరవలేదని, ఒకే మాట అన్నావని ఆయన వచ్చి చెప్పారు. సూది వల్లనయితే అదీ తెలుసుకుందామమ్మా, నేనే పైకి రాసి పంపిస్తా. కాకపోతే అసలుది ఏందో ఎతుకుదాం, పరీక్షలు ఆపొద్దండి అన్నావట. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. కారణం దొరికేసిందనుకున్నాక ఇంకెవరు వెతుకుతారు? ఆ తర్వాత మా వీధిలో నీకు తలుపు తీసినవాళ్లు లేరు. నువ్వు ధర్మవరానికి బదిలీ పెట్టుకున్నావు.

నేను మాత్రం ఒక వింత గమనించాను. పెనుకొండలో మా అమ్మ దగ్గరికి వెళ్తే పదిహేను రోజుల్లో లేచి తిరిగేదాన్ని. హిందూపురం వచ్చిన వారానికి మళ్లీ మంచం. ఆయన నవ్వుతూనే అనేవారు, పుట్టింట్లో గెంతుతావు, ఈడికొస్తే పండుకుంటావు, నీ రోగం పేరు మా అమ్మేమో అని. మా అత్తకు ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. ఊరంతా నన్ను నాటకాలమారి అనుకుంది. డాక్టర్లు కూడా గ్యాస్ అనీ, మనసులో ఏదో పెట్టుకున్నావనీ చెప్పి పంపేవాళ్లు.

నా గుణం నీకు తెలుసు. నెలాఖరుకు ఖర్చు తేడా వస్తే ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు. ఈ తేడా ఎక్కడిదో తేల్చాలనుకున్నాను. రెండు ఇళ్ల మధ్య మారేవి ఏమిటి? ఒక్కోటి విడిగా చూద్దామనుకున్నాను.

ముందు నీళ్లు. హిందూపురం నీళ్లు క్యాన్లలో పట్టుకుని పెనుకొండకు వెళ్లి, అక్కడున్నన్నాళ్లూ అవే తాగాను. ఏమమ్మా, పెనుకొండలో బోర్లు ఎండిపోయినాయా అని రైల్లో వాళ్లు ఎగతాళి చేశారు. కడుపు చక్కగా ఉంది. తర్వాత పని. మా తమ్ముడు, మరదలు ఇద్దరూ ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో డ్యూటీకి పోతారు. ఆ ఇంటి చాకిరీ అంతా నేనే నెత్తిన వేసుకున్నాను. అలసట వచ్చింది కానీ జబ్బు రాలేదు. ఇక మిగిలింది మా అత్త. నవ్వకు. ఆమెను కూడా పెనుకొండకు తీసుకెళ్లాను. మా అమ్మకు కీళ్లనొప్పులు, కొన్నాళ్లు తోడుండమని పిలిచాను. ఆమె వచ్చింది. వచ్చిన పూటే మా అమ్మ పప్పులో ఉప్పు లేదంది, తమ్ముడి పెళ్లాం చీపురు పట్టే తీరు బాగాలేదంది, నన్ను రోజుకు నాలుగు మాటలంది. నా కడుపు కదల్లేదు. ఆ వారం మా అత్త మీద నాకు కలిగినంత ప్రేమ అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. జబ్బు ఆమె కాదని తేలిపోయింది కదా.

అప్పుడు ఆమే ఒక పని చేసింది. షుగరున్న మనిషికి మూడు పూటలూ సంగటేందమ్మా, అడిగేవాళ్లు లేరా అని మా అమ్మను గదమాయించి, గోధుమపిండి తెప్పించి, పెనుకొండలో కూడా నాకు చపాతీలు చేయడం మొదలుపెట్టింది. వారం తిరగకుండా నేను మంచమెక్కాను. మా అమ్మ భయపడి ఏడుస్తోంది. నేను మాత్రం గోడవైపు తిరిగి నవ్వుకుంటున్నాను నీలా. తేడా దొరికింది.

బెంగుళూరులో కడుపు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. కన్నడంలో నేనే అంతా చెప్పాను. ఆమె మధ్యలో అడ్డు రాకుండా విని, గోధుమ మానేశారా అని అడిగింది. ఈరోజు నుంచే మానేస్తానన్నాను. వద్దు, పరీక్షలు అయ్యేదాకా తినాలి, మానేసి వస్తే జబ్బు ఉన్నా పరీక్షలో కనబడకుండా పోతుందంది. ఇంటికి వచ్చాక మా అత్త పిండి ముట్టనంది. ఇసం అని తెలిసినాక నా చేత్తో ఎట్ల పెట్టేదే అని పొయ్యి దగ్గర నుంచి లేచిపోయింది. నా చపాతీలు నేనే చేసుకున్నాను. ఆమె రోజూ ఎదురుగా కూర్చుని, నేను తింటున్నంతసేపూ కొంగుతో ముఖం తుడుచుకునేది.

రక్తపరీక్షలో బయటపడింది. గొట్టం వేసి పేగు ముక్క తీసి చూసి ఖాయం చేశారు. దాని పేరు సీలియాక్. గోధుమలో ఉండే ఒక పదార్థం పడక, మన ఒంట్లోని కాపలా మన పేగు మీదే తిరగబడుతుందట. తిన్నది ఒంటికి పట్టదు, అందుకే రక్తం పెరగలేదు. ఇది బతికినన్నాళ్లూ ఉండే జబ్బే. కానీ గోధుమ ముట్టకపోతే పేగు తనంతట తానే బాగుపడుతుందంది డాక్టరమ్మ. షుగరుకు సంగటి ముద్ద చిన్నది చేసి, ఆకుకూర పెద్దది చేయమంది.

మా అత్త అక్కడే అడిగేసింది. అయితే సూదికి ఏమీ పాపం లేదా అని. నేను కన్నడంలోకి మార్చి చెప్పాను. డాక్టరమ్మ కొట్టిపారేయలేదు. టీకాల వల్ల అరుదుగా కొందరికి నిజంగానే ఇబ్బందులు వస్తాయి, వాటిని వెతికి పట్టుకునేవాళ్లు ఉన్నారంది. టీకా వేసుకున్న లక్షలమందినీ వేసుకోనివాళ్లనూ పక్కపక్కన పెట్టి, ఏ జబ్బు ఎవరికి ఎక్కువ వచ్చిందో చూస్తారట. ఒకదాని వెనక ఒకటి వచ్చినంత మాత్రాన మొదటిది రెండోదాన్ని తెచ్చిందనడానికి లేదంది. మీ కోడలి విషయంలో సూదిని అనుమానించడం తప్పు కాదమ్మా, అనుమానం దగ్గరే ఆగిపోవడం వల్ల ఇన్నేళ్లు పోయాయి అంది. నాకు నువ్వే మాట్లాడుతున్నట్టు అనిపించింది. మా అత్త తిరుగు రైల్లో యలహంక నుంచి హిందూపురం దాకా నోరు విప్పలేదు. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఆయన పుట్టాక ఇదే మొదటిసారట.

ఇప్పుడు మా ఇంటిని చూస్తే నవ్వుతావు. పిండిమరలో గోధుమల తర్వాత మన రాగులు పోస్తే నాకు పనికిరాదని తెలిసి, మా అత్త వారానికోసారి తెల్లారకముందే మర దగ్గర నిలబడుతుంది. మొదట మా రాగులు పడాల్సిందే. మర తిమ్మరాజు కసురుకుంటే, ఏమప్పా, నీ మరకు స్నానం చేయించమంటాండానా, ఊడ్చమంటాండా అంటుంది. ఇంగువలో కూడా గోధుమపిండి కలుపుతారని తెలిసిన రోజు కొట్టువాడి డబ్బాలన్నీ దింపించింది. వీధిలో ఎవరి కోడలు నీరసమన్నా, సూదులూ దయ్యాలూ తర్వాత, ముందు పోయి రక్తం చూపించుకోమ్మే అని తరుముతోంది.

నా రక్తం నిండింది. జుట్టు మళ్లీ జడకు వచ్చింది. ఏడుకొండల మెట్లెక్కే ధైర్యం ఇంకా లేదు కానీ, మొన్న పెనుకొండలో కొండ సగం దాకా ఎక్కి, మన స్కూలు కనబడే చోట కూర్చుని నీ పేరు తలుచుకుని దిగివచ్చాను.

ఇంకొక్క సంగతి. వైష్ణవికి పద్నాలుగు వచ్చాయి. ఆడపిల్లలకు గర్భసంచి ముఖద్వారం దగ్గర కేన్సర్ రాకుండా వేసే టీకా గురించి స్కూల్లో చెప్పారు. నేనూ ఆయనా సరేనన్నాం. కానీ ఆ ఏడాది తర్వాత మా ఇంట్లో ఏ సూదికీ చోటు లేదని మా అత్త ఒట్టు పెట్టుకున్న సంగతి నీకు తెలుసు. పిల్ల భయపడుతూనే అవ్వను అడిగింది. ఆమె చేట తీసుకుని రాగులు చెరుగుతూ కూర్చుంది. తర్వాతేమైందో కింద రాస్తాను.

నీకు జరిగిన అవమానాన్ని ఒక ఉత్తరంతో తుడిచేయగలనని నేను అనుకోవడం లేదు. కానీ ఆ రోజు సరైన మాట అన్నది నువ్వొక్కదానివే అని రాసి, సంతకం పెట్టి, నీ చేతిలో ఉంచాలనుకున్నాను. ఇది ఎవరికి చూపించుకున్నా సరే.

అదే బెంచీ మీది నీ స్నేహితురాలు,
ప్రమీల

తా.క.: వైష్ణవి ఒంటరిగా రాలేదు. మీ సందు మొదట్లో, పట్టుచీరల కొట్టు పక్కన మా అత్త నిలబడి ఉంది. నేనూ వస్తానన్నాను. వద్దంది. ఆ పొద్దు నేనొక్కదాన్నే పోయి అరిసినా, ఈ పొద్దూ నేనే పోతా అంది. టీకా మన ఇంటి దగ్గరే వేస్తారు కదత్తా అంటే, నా మనవరాలికి ఏసేదుంటే ఆ పిల్లే ఏయాల, ఇంగెవురూ వద్దు అంది. నువ్వు పిలిస్తే ఈ ఆదివారం రాత్రికి మీ ఇంట్లో ఉండి, సోమవారం పొద్దున పిల్లను మీ సెంటరుకు తీసుకొస్తుంది. పిలవకపోతే సాయంత్రం రైలుకు తిరిగి వచ్చేస్తారు. నీ ఇష్టం, నేను బలవంతం చేయను. ఆమె చేతి సంచిలో రాగిపిండి ఉంది, మీ అందరికీ తానే సంగటి కెలుకుతుందట. మీ ఇంట్లో ఆమె ఎప్పుడూ మంచినీళ్లయినా ముట్టలేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎండలో నిలబడి ఉంది. పిలవాలనిపిస్తే ఇంకో గ్లాసు నీళ్లు పట్టుకుని సందు మొదటిదాకా వెళ్లు. తాగుతుంది.