మన ఊళ్ళో పడవలు

ఓబులేసూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. చదివే మనిషి లేడని తెలిసే రాస్తున్నాను. నువ్వు పాఠం చెప్పిన బడి కబురు నీకు కాక ఇంకెవరికి చెప్పను?

పరీక్షలో 'మా ఊళ్ళో వాన' అని వ్యాసం రాయమన్నారు. నీ బడి పిల్లలంతా గైడు కాగితాలు దాచుకుని దించేశారు. "మా ఊరి నది పొంగింది, పడవలు కొట్టుకుపోయాయి" అని అందరిదీ ఒకటే రాత. అనంతపురం జిల్లాలో పడవ! నేను పడవను చూసింది అగ్గిపెట్టె మీది బొమ్మలోనే. ఈ నాలుగక్షరాలు నేర్చుకున్నదీ ఆ అగ్గిపెట్టెల మీదే. సరే, ఆ కథ ఇప్పుడెందుకులే.

కొత్త హెడ్మాస్టరు అందరికీ టీసీలిచ్చి పంపేస్తానన్నాడు. మా మనవరాలు ఏడుస్తూ ఇంటికొచ్చింది. నేను బడికి వెళ్ళాను.

"మా ఓబులేసు ఉండింటే, చూసిందే రాయండని మళ్ళా రాయించేటోడు సార్."

"ఆయన యాడుండాడు పెద్దాయనా, ఇప్పుడు?"

"పోయి రేపటికి ఏడాది సార్" అన్నాను. హెడ్మాస్టరే తెల్లకాగితాలు తెప్పించాడు.

మనవరాలు రెండే వాక్యాలు రాసింది.

"మా ఊళ్ళో పెద్ద వాన ఒక్కసారే చూసినాను. ఆ దినం మా బడి అయ్యవారిని పూడ్చినారు."