డైరీల పుస్తకంలో లేని పేరు

సుజాతా,

నువ్వు మూడేళ్లు కూర్చుని చదివి టైపు చేసిన ఆ పాతకాలపు అమెరికా దాత డైరీలు, నువ్వు పోయిన పది నెలలకు పుస్తకంగా వచ్చాయి. ఆ గొలుసుకట్టు రాతకు నీ కళ్లు ఎర్రబడేవి. "ఇన్ని అనాథాశ్రమాలు కట్టించిండు గానీ, ఇంట్ల వండిపెట్టే ఆమె పేరు ఒక్కసారన్న రాయలే సూడు" అని విసుక్కునేదానివి.

నిన్న ఇక్కడ జర్మనీలోనే, కెమ్నిట్జ్ ఊళ్లో పుస్తకావిష్కరణకు మన నిత్యను తీసుకెళ్లాను. అది ముందుమాట రెండుసార్లు తిరగేసి, "నాన్నా, అమ్మ నేమ్ ఎక్కడా లేదు" అంది.

నీచేత ఆ పని చేయించుకున్న ప్రొఫెసర్‌ను అడిగాను. "సహాయకుల పేర్లు వేసే ఆనవాయితీ లేదండీ" అని నవ్వాడు.

నీ తరఫున నేను పోట్లాడాల్సింది. "డాంకే" అని జర్మన్‌లో థాంక్స్ చెప్పి, పుస్తకం మీద ఆయనతో సంతకం చేయించుకుని వచ్చాను.

ఇల్లు చేరేదాకా నిత్య నా చెయ్యి పట్టుకోలేదు.