నా పేరుతో పెళ్లికూతురు

లాస్ ఏంజెలెస్, 1947 మార్చి 3

ప్రియమైన విల్మా అక్కకు,

ఈ రోజు మా టోపీల దుకాణానికి కెర్సీ అనే డిటెక్టివ్ వచ్చాడు. "మీ ఆయన పోయి మూడు వారాలైంది. అప్పుడే పనిలోకి వచ్చేశారేంటమ్మా?" అన్నాడు. నాకింకా పెళ్లే కాలేదన్నాను. పెళ్లి పత్రం తీసి నా ముందు పెట్టాడు. నా పేరు, పుట్టిన తేదీ, అమ్మానాన్నల పేర్లు అన్నీ సరిగ్గా ఉన్నాయి. సంతకం మాత్రం నాది కాదు.

ఎవరో నా పేరుతో హార్లన్ ప్రౌటీ అనే అతణ్ణి పెళ్లాడిందట. అతను మెట్ల మీద నుంచి పడి చచ్చిపోయాడు. ఆమె ఆ రోజే మాయమైంది. ఆమె నేనేనని కెర్సీ అనుమానం. వచ్చే నెల గ్లెన్‌తో పెళ్లి పెట్టుకుని ఇదేం ఖర్మ అక్కా.

నీ లెనోర్

ఫ్రెస్నో, మార్చి 7

బంగారుతల్లీ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. పెళ్లి పనుల కోసం నీ జనన పత్రం గ్లెన్ దగ్గరుందని ఇంతకుముందు నువ్వే రాశావు కదా. మూడేళ్లు ఓడల మీద తిరిగినవాడు, వేరే ఆడది లేదని నీకేం తెలుసు? కెర్సీకి అతని పేరు చెప్పు. నన్ను మాత్రం ఇందులోకి లాగకు. మా ఆయన ఎర్ల్ నన్ను వదిలేసి పోయినప్పటి నుంచి నాకు పోలీసులంటే భయం.

నీ మేలు కోరే అక్క,
విల్మా

లాస్ ఏంజెలెస్, మార్చి 12

అక్కా,

నువ్వన్నట్టే చెప్పాను. గ్లెన్‌ను రెండు రోజులు స్టేషన్‌లో కూర్చోబెట్టారు. బయటికొచ్చి, "నన్నే అడగొచ్చు కదా లెనోర్" అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు.

ఈ రోజు కెర్సీ పెళ్లి ఫొటో తెచ్చాడు. "మీరు కాదని తేలింది. ఈమె ఎవరో తెలుసా?" అని అడిగాడు. తెలియదన్నాను. అందులో పూలు పట్టుకుని నవ్వుతున్నది నువ్వు.

ఎందుకు చేశావు?

లెనోర్

ఫ్రెస్నో, మార్చి 15

చెల్లీ,

ఎర్ల్ విడాకులివ్వడు. నా పేరుతో మళ్లీ పెళ్లాడలేను. శాన్ డియాగోలో పని దొరికిందని నీకు చెప్పిన ఆ ఏడాదంతా మీ ఊళ్లోనే, నీ పేరుతో కాపురం చేశాను. హార్లన్ మంచివాడు. ఫిబ్రవరిలో నువ్వు శాన్ డియాగోకు రాసి, అక్కణ్ణించి నాకు చేరిన ఉత్తరం, కింద నీ సంతకంతో సహా అతని కంటబడింది. "అయితే నువ్వెవరివే?" అంటూ మెట్ల మీద అడ్డం నిలబడ్డాడు. పోలీసులను పిలుస్తానన్నాడు. తోశాను. చెయ్యి తగిలిందంతే అని కెర్సీతో అందామనుకున్నాను. నీ దగ్గర ఆ మాట అనలేను. పడతాడని తెలిసే తోశాను.

గ్లెన్‌కు ఏ పాపమూ తెలియదు. కెర్సీకి అతని పేరు చెప్పమని నీకు రాసేటప్పుడూ ఆ సంగతి నాకు తెలుసు.

ఇరవయ్యో తేదీ పొద్దుటి బస్సుకు వస్తున్నాను. దిగి నేరుగా కెర్సీ దగ్గరికే వెళ్తాను. నా కోసం బస్ స్టేషన్‌కు రాకు. గ్లెన్ దగ్గరికి వెళ్లు.

విల్మా